రాసినవాడు తీయకూడదు

మా సంఘంలో చీట్లు వేయడానికి ఒక పద్ధతి ఉంది. ఎవరి సంగతి తేల్చుకోవాలో వాళ్లే చీట్లు రాయాలి. ఒకే కొలత కాగితాలు, ఒకే పెన్ను, అన్నిటికీ నాలుగేసి మడతలు. రాసినవాడు తీయకూడదు. తీసేవాళ్లు రాసేటప్పుడు చూడకూడదు. తీసిన చీటీ ఒక్కటే తెరుస్తారు, మిగిలినవి తెరవరు. దేవుడు వద్దన్నదాన్ని మనం తొంగిచూడకూడదని అంటారు. ఇందులో మనిషి ఇష్టం దూరడానికి సందే లేదని మా పాస్టరు యేసుకుమార్ గారు చీట్లు వేసిన ప్రతిసారీ చెబుతారు.

సందు ఉంది. జూన్ నెల మూడో శనివారం నేను మూడు చీట్లు రాశాను. మూడింటిలోనూ నోయిడా అనే రాశాను.

నా పేరు లెవి. మాది బాపట్ల దగ్గర ఊరు, కానీ నాకు ఊహ తెలిసేసరికే ఢిల్లీలో, మునిర్కాలో, మూడో అంతస్తు గదుల్లో ఉన్నాం. అమ్మ ఫ్లోరా సాకేత్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. నాన్న పౌలురాజు అక్కడే ఒక మాల్‌లో సెక్యూరిటీ సూపర్‌వైజరు. అమ్మ వైపూ నాన్న వైపూ వెతికితే డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. బీకాం అయ్యాక ఏడాదిపాటు అమ్మ ఆసుపత్రిలోనే బిల్లింగ్ కౌంటర్లో కూర్చున్నాను. అక్కడ గాజు గదుల్లో కూర్చునేవాళ్లందరి పేర్ల కింద ఎంబీఏ అని ఉండేది. అమ్మ ఇరవై రెండేళ్ల సర్వీసు తర్వాత కూడా ఆ గదుల ముందు చెప్పులు సర్దుకుని లోపలికి వెళ్లేది. నేను ఎంబీఏ చదవాలని అనుకోవడానికి అంతకంటే పెద్ద కారణం లేదు.

మూడు చోట్ల సీటు వచ్చింది. ఒకటి ఢిల్లీలోనే ప్రభుత్వ యూనివర్సిటీలో ఎంబీఏ. రెండోది గుంటూరు వైపు ఒక మిషన్ కాలేజీలో హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్. అమ్మకి అదే ఇష్టం. మూడోది గ్రేటర్ నోయిడాలో ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్. అక్కడ ఇచ్చేది డిగ్రీ కాదు, డిప్లొమా. కానీ నోటితో అందరూ ఎంబీఏ అనే అంటారు.

యూనివర్సిటీ ఇంటర్వ్యూ గురించి ఇంట్లో నేను సగమే చెప్పాను. ముగ్గురు కూర్చున్నారు. మొన్నటి వారం పేపర్లో వ్యాపారం పేజీలో ఏం చదివావని ఒకాయన ఇంగ్లీషులో అడిగాడు. నాకు నోరు పెగల్లేదు. మధ్యలో కూర్చున్న పెద్దావిడ నీళ్లు తాగమంది. తర్వాత హిందీలో మెల్లగా, ‘ఇంట్లో ఇంకెవరైనా చదువుకున్నవాళ్లున్నారా బేటా?’ అని అడిగింది. దయగానే అడిగింది. నాకు మాత్రం చెవులు మండిపోయాయి. అయినా సీటిచ్చారు, జాబితా చివర్లో. ఆ గదిలాంటి గదుల్లో రెండేళ్లు కూర్చోవడం నా వల్ల కాదనుకున్నాను.

నోయిడా వెళ్లిన రోజు నాన్న కూడా వచ్చాడు. అడ్మిషన్స్ చూసే ప్రీతి మేడమ్ లిఫ్టు దాకా ఎదురొచ్చింది. ‘సర్’ అంది నన్ను. నాన్నని కూడా ‘సర్’ అంది. కాఫీ ఇప్పించింది. నా మార్కులు చూసి, ‘యూ ఆర్ మేనేజ్‌మెంట్ మెటీరియల్’ అంది. అరగంటలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. గేటు దగ్గరికి వచ్చేటప్పుడు అక్కడి గార్డు కాళ్లు దగ్గరికి చేర్చి నాన్నకి సెల్యూట్ కొట్టాడు. నాన్న చెయ్యి సగం లేచి ఆగిపోయింది. తిరిగి కొట్టాలో వద్దో ఆయనకి తెలియలేదు.

బస్సులో చాలాసేపటికి, ‘బిల్డింగు గట్టిదేరా’ అన్నాడు. అంతే అన్నాడు.

ఎక్కడ చేరతానో నేనే నోరు తెరిచి చెప్పొచ్చు. కానీ ఎందుకని అడిగితే కారణం చెప్పాలి. భయమేసి పారిపోతున్నానని అమ్మతో ఎలా చెప్పను? అమ్మ అడగనే లేదు. ఉపవాస ప్రార్థన పెట్టించి చీట్లు వేద్దామంది.

మా మందిరం మునిర్కాలోనే ఒక స్కూలు హాలు, శని ఆదివారాలు అద్దెకి తీసుకుంటాం. ఆ శనివారం పదిహేనుమంది దాకా వచ్చారు. నేను వెనక బెంచీ మీద కూర్చుని రాశాను. మొదటి చీటీ మీద నోయిడా అని రాసినప్పుడు మోసం చేయాలని అనుకోలేదు. రెండోదాని మీద ‘ఢిల్లీ’ అని రాయాలి. పెన్ను పెట్టాను. ఆ పెద్దావిడ మొహం కనిపించింది. నోయిడా అని రాశాను. మూడోది ఇక ఆలోచించకుండా రాసేశాను.

బల్ల మీద, ప్రభు సంస్కారంలో రొట్టె పంచే పళ్లెంలో చీట్లు వేసి తెల్ల గుడ్డ కప్పారు. యేసుకుమార్ గారు హాలంతా చూశారు.

‘స్తుతీ, నువ్వు రా తల్లీ.’

‘నేనా అయ్యగారూ?’

‘నువ్వే. నువ్వూ ఆ పరీక్షలు రాసినదానివే కదా. నీకు తెలుసు దీని బరువు.’

స్తుతి, సీతారత్నం ఆంటీ కూతురు. ఆంటీ అమ్మతోపాటే ఆ ఆసుపత్రిలో చేస్తుంది. వాళ్లుండేది వైశాలిలో. స్తుతి వాళ్ల నాన్న నాలుగేళ్ల కిందట కిడ్నీలు పాడై చనిపోయాడు. నేనూ స్తుతీ కలిసి పరీక్షలకు చదివాం, కలిసి దరఖాస్తులు పెట్టాం. నోయిడా ఫారం కూడా నాతోపాటు సరదాకి నింపింది. యూనివర్సిటీలో ఆమెకి నాకంటే చాలా పైన వచ్చింది ర్యాంకు. అక్కడే చేరాలని ఎప్పుడో అనుకుంది. ఆ వచ్చే శుక్రవారం సాయంత్రం ఐదులోగా కంప్యూటర్లో సీటు ఖాయం చేసుకోవాలి, అంతే మిగిలింది.

ఆమె గుడ్డ కింద చెయ్యి పెట్టి, ఒక క్షణం ఆగి, ఒకటి తీసింది. అయ్యగారు తెరిచి చదివారు. అమ్మ మొహంలో ఒక్క క్షణం గుంటూరు పోయినట్టు కనిపించింది. ఆ వెంటనే, ‘స్తోత్రం’ అని చేతులెత్తింది. మిగిలిన రెండూ చించడానికి నేను లేచేలోపే నాన్న పళ్లెం పట్టుకుని, చీట్లు బయట పారేస్తానని వెళ్లాడు.

మర్నాడు ఆరాధనలో అమ్మ సాక్ష్యం చెప్పింది. మాలో సాక్ష్యమంటే మామూలు మాట కాదు. మైకు ముందు నిలబడి దేవుడు నాకిది చేశాడని అందరి ఎదుటా చెప్పాక, కాదని వెనక్కి తీసుకోవడం ఉండదు. అది దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేయడం.

‘నా మనసు గుంటూరు అంది. నా దేవుడు నోయిడా అన్నాడు. నా బిడ్డ ఎక్కడ చదవాలో ఆయన తన చేత్తో చూపించాడు. ఆ చెయ్యి మన రత్నమ్మ కూతురి చెయ్యి’ అంది అమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

హాలంతా స్తోత్రం అంది. నేను చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను.

సోమవారం సాయంత్రం సీతారత్నం ఆంటీ స్తుతిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. మూడంతస్తులెక్కి ఆయాసపడుతూనే మొదలుపెట్టింది.

‘మీ మెట్లెక్కితే పరలోకం దగ్గరే వదినా. ఇంకో రెండంతస్తులుంటే నేరుగా వెళ్లిపోదుము.’

‘కూర్చో ముందు. నీళ్లు తాగు’ అంది అమ్మ.

‘నిద్ర పట్టలేదొదినా నాకు. అంతమంది ఉన్నారు. మీ లెవి ఉన్నాడు, పెద్దలున్నారు. నా పిల్ల చేతిలోనే ఎందుకు పెట్టాడు ఆ చీటీ? ఊరికే పెడతాడా?’

‘మమ్మీ, ప్లీజ్’ అంది స్తుతి.

‘నువ్వాగవే. నీ చేత్తో నువ్వే తీసుకున్నావు. ఇంకా ఢిల్లీ ఢిల్లీ అంటావేంటి? పేరుకి చీటీ లెవీది. దేవుడి మాట ఇద్దరికీ.’

‘మరి అప్పుడు చీటీ మీద నా పేరు కూడా రాయాలి కదా దేవుడు? ఇంక్ అయిపోయిందా?’

‘చూశావా వదినా, ఈ నోరు. దీన్ని నోయిడాలో వేస్తే నాలుగు మేనర్సయినా వస్తాయి.’

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. వెళ్లేటప్పుడు స్తుతి తలుపు దగ్గర నాతో మెల్లగా, ‘మమ్మీ పాగల్ హో గయీ హై. శుక్రవారం దాకా ఎలాగో మేనేజ్ చేస్తాలే’ అంది. నేనూ అదే నమ్మాలనుకున్నాను. అప్పటికీ స్తుతి సీటు ఎక్కడికీ పోలేదు.

బుధవారం ఫోన్ చేసి రాజీవ్ చౌక్‌లో కలవమంది. ప్లాట్‌ఫాం చివర బెంచీ మీద కూర్చున్నాం. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి.

‘మూడు రోజుల్నుంచి మమ్మీ అన్నం తినట్లేదు. ఉపవాసమట. డ్యూటీకి కూడా అలాగే వెళ్తోంది. నువ్వు ఒక్కటి చెప్పు లెవీ. చీటీ వేయకముందు నీ మనసులో ఏముండేది? సచ్ బోల్‌నా.’

రైలు వచ్చింది, జనం దిగారు, ఎక్కారు, రైలు వెళ్లింది. అంతసేపూ ఆమె నా మొహమే చూస్తోంది.

‘నేనేం అనుకోలేదు. దేవుడికి వదిలేశాను’ అన్నాను.

చీట్లు రాసినప్పుడు నా నోటితో ఏ అబద్ధమూ చెప్పలేదు. నోటితో చెప్పింది అక్కడ, ఆ బెంచీ మీద.

‘అచ్ఛా’ అంది. ‘పతా హై, నేను మధ్యలోది తీద్దామనుకున్నాను. చెయ్యి దాని మీదే ఉంది. మళ్లీ ఎందుకో చివరిది తీశాను. ఎందుకు తీశానో నాకే తెలీదు. అదే నన్ను తినేస్తోంది’ అంది.

గురువారం నైట్ డ్యూటీ దిగి నాన్న పొద్దున్నే వచ్చాడు. అమ్మ అప్పటికే వెళ్లిపోయింది. యూనిఫాం విప్పకుండానే మంచం మీద కూర్చుని, పర్సులోంచి రెండు మడతల కాగితాలు తీసి నా ముందు పెట్టాడు.

‘పారేయడానికి మనసొప్పక విప్పి చూశాను. ఆ రోజే’ అన్నాడు.

నేను వాటి మీద చెయ్యి వేసి కప్పేశాను.

‘నేనేమీ అననులేరా. నాకూ అదే బాగుందనిపించింది. ఇన్నేళ్లూ ఎంతమందికి సెల్యూట్ కొట్టానో నాకే తెలీదు. నాకు కొట్టినవాడు ఆడొక్కడే.’

‘స్తుతి కూడా అక్కడే చేరేలా ఉంది నాన్నా. దానికి మంచి సీటుంది. రేపు ఐదింటికి పోతుంది.’

నాన్న వంగి బూటు లేసులు విప్పుకున్నాడు.

‘మీ అమ్మ మైకులో సాక్ష్యం చెప్పేసింది. ఇప్పుడు నువ్వు నోరు తెరిస్తే అది మళ్లీ ఆ మందిరం గుమ్మం తొక్కగలదా? ఆలోచించుకో. రత్నమ్మ గారి పిల్ల తెలివైంది, ఎక్కడేసినా బతుకుద్ది.’

ఆ రెండు కాగితాలూ ఆయనే తీసుకెళ్లి స్టవ్ మీద కాల్చాడు.

శుక్రవారం నాలుగూ ఇరవైకి స్తుతి మెసేజ్ వచ్చింది. ‘నోయిడా కర్ దియా. మమ్మీ ఏడుస్తోంది, ఖుషీ సే. ఇద్దరం ఒకే బస్సు.’ ఇంకా నలభై నిమిషాలుంది. ఢిల్లీ సీటు వదిలేస్తున్నట్టు ఆమె కంప్యూటర్లో నొక్కి ఉండొచ్చు, నొక్కకపోయీ ఉండొచ్చు. ఫోన్ చేస్తే తెలిసేది. నేను ఆ నలభై నిమిషాలూ ఏం చేశానో బాగా గుర్తుంది. గడ్డం గీసుకున్నాను. మెల్లగా, తెగకుండా, రెండుసార్లు గీసుకున్నాను. మొహం కడుక్కుని వచ్చేసరికి ఐదూ పది.

ఆగస్టులో చేరాం. బొటానికల్ గార్డెన్ మెట్రో దగ్గర ఇన్‌స్టిట్యూట్ బస్సు ఎక్కేవాళ్లం. మొదటి రోజే వెరిఫికేషన్ అని చెప్పి పదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తీసుకున్నారు. రసీదు ఇచ్చారు. టై, కోటు ఇచ్చారు. ఆ కోటు ఫొటో సీతారత్నం ఆంటీ ఆసుపత్రిలో వార్డులన్నీ తిరిగి చూపించిందట.

సెప్టెంబరు చివరికి ఐదుగురు టీచర్లలో ఇద్దరు మిగిలారు. మిగతావాళ్లు ‘కార్పొరేట్ లీవ్’లో ఉన్నారన్నారు. క్లాసుల బదులు ‘లైవ్ ప్రాజెక్ట్’ పెట్టారు. మొదటి అంతస్తులో పొడవాటి గది, వరసగా ఫోన్లు. ఒక్కొక్కరికీ పేర్లూ నంబర్లూ ఉన్న కాగితం. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్న పిల్లల ఇళ్లకి ఫోన్ చేసి, వచ్చే ఏడాదికి ఈ ఇన్‌స్టిట్యూట్‌లో చేరేలా ఒప్పించాలి. దానికే మార్కులు. మార్కెటింగ్ నేర్చుకోవడమంటే ఇదేనని ప్రీతి మేడమ్ చెప్పింది. ఆమె ఇప్పుడు మమ్మల్ని సర్ అనడం లేదు.

ఇద్దరు ముగ్గురు తప్ప అందరం తిట్లే తిన్నాం. స్తుతి మాత్రం బాగా చేసింది. తెలుగువాళ్ల కాగితం ఆమెకే ఇచ్చేవారు. పక్క బల్ల దగ్గర కూర్చుని వినేవాణ్ణి. ‘నాకు గవర్నమెంట్ సీటు ఉండింది ఆంటీ, వదిలేసి వచ్చాను. ఎందుకంటే ప్రార్థన చేసి చీటీ వేశాం. నా చేత్తోనే తీశాను’ అనేది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. అందుకే అవతలివాళ్లు నమ్మేవాళ్లు. ఒక్కోసారి ఫోన్ పెట్టేశాక నా వైపు చూసి బొటనవేలు ఎత్తేది.

నవంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం సెకండియర్ చదివే దీపు బస్సులో నా పక్కన కూర్చున్నాడు. ‘భయ్యా, లిస్ట్ దేఖా?’ అన్నాడు. ఇలాంటి కోర్సులు నడపడానికి ప్రభుత్వ అనుమతి ఉన్న కాలేజీల జాబితా వెబ్‌సైట్లో ఉంటుంది. తన ఫోన్లో చూపించాడు. మా ఇన్‌స్టిట్యూట్ పేరు కిందటేడు ఉంది, ఈ ఏడు లేదు. అనుమతి మళ్లీ ఇవ్వలేదు. ఆ జాబితా జూన్‌లోనూ అలాగే ఉంది. రెండు నిమిషాల పని, నేను చూడలేదు. చీటీ మీద రాసేముందు కూడా చూడలేదు.

మర్నాడు లంచ్‌లో స్తుతిని గేటు బయట చాయ్ బండి దగ్గరికి పిలిచాను. ముందు జాబితా సంగతి చెప్పాను. తర్వాత చీట్ల సంగతి చెప్పాను. వాక్యాలు పేర్చుకుని వెళ్లాను కానీ ఒక్కటీ రాలేదు. ‘మూడింట్లోనూ నోయిడాయే రాశాను’ అని మాత్రం రెండుసార్లు అన్నాను.

చాయ్ గ్లాసు బండి మీద పెట్టేసింది.

‘మూడూనా?’

‘మూడూ.’

‘అంటే మధ్యలోది తీసినా...’

‘అదే ఉండేది.’

‘అంకుల్‌కి తెలుసా?’

‘తెలుసు. ఆ రోజు నుంచే.’

‘ఫ్లోరా ఆంటీకి?’

‘తెలీదు.’

‘నువ్వు రాజీవ్ చౌక్‌లో...’ అని ఆగిపోయింది. రోడ్డు మీద సిమెంటు లారీ వెళ్తోంది. అది పోయేదాకా చూసి, ‘ఎందుకు?’ అంది.

ఇంటర్వ్యూ సంగతి చెప్పాను. పేపరు ప్రశ్న, నీళ్ల గ్లాసు, పెద్దావిడ అడిగిన మాట, అన్నీ. ఎవరితోనైనా పూర్తిగా చెప్పడం అదే మొదటిసారి.

‘నన్నూ అదే అడిగింది ఆవిడ. ఇంట్లో ఎవరు చదువుకున్నారని. నాకూ భయమేసింది లెవీ. సబ్‌కో డర్ లగ్‌తా హై. నువ్వొక్కడివే అనుకున్నావా?’

‘ఈ ఆదివారం సంఘంలో నిలబడి చెప్పేస్తాను.’

‘వద్దు’ అంది వెంటనే. ‘మమ్మీకి తెలిస్తే మందిరం మానేస్తుంది. డాడీ పోయాక తనకి ఇంకేం ఉంది? నీ తృప్తి కోసం మా అమ్మని చంపకు. ముందు నాకు నా సీటు కావాలి. పద.’

అప్పటికప్పుడు బస్సూ మెట్రో పట్టుకుని యూనివర్సిటీకి వెళ్లాం. అడ్మిషన్ల ఆఫీసులో కళ్లద్దాల గుమాస్తా ఆమె పేరు కంప్యూటర్లో వెతికాడు. ‘ర్యాంక్ తో అచ్ఛా థా బేటా’ అని తల పంకించాడు. వదిలేసిన సీటు జులైలోనే వేరేవాళ్లకి వెళ్లిపోయింది. వచ్చే ఏడాది మళ్లీ పరీక్ష రాయాలి, మళ్లీ ఇంటర్వ్యూకి రావాలి. ‘ఒరిజినల్స్ మాత్రం తప్పకుండా తెచ్చుకో, అవి లేకపోతే ఈ గుమ్మం దగ్గరే ఆపేస్తాం’ అన్నాడు.

ఒరిజినల్స్ నోయిడాలో ప్రీతి మేడమ్ బీరువాలో ఉన్నాయి.

మధ్యలో మానేస్తే రెండేళ్ల ఫీజూ కట్టి తీసుకెళ్లమంది ఆమె. అనుమతి లేని కాలేజీకి ఫీజేంటని నేనన్నాను. ‘కోర్టుకి వెళ్లండి’ అంది, కోపం కూడా లేకుండా. నేను ఆ రాత్రే, అనుమతులిచ్చే ప్రభుత్వ ఆఫీసుకి ఫిర్యాదు రాసి పంపాను. మీ ఫిర్యాదు అందింది అని ఒక నంబరు వచ్చింది. నెల గడిచినా అంతకుమించి ఏమీ రాలేదు.

డిసెంబరు రెండో వారంలో ప్రీతి మేడమ్ స్తుతిని ఒక్కదాన్నే లోపలికి పిలిచింది. బయటికి వచ్చి స్తుతి నాతో చెప్పింది, మొహంలో ఏమీ లేకుండా.

‘ముగ్గురు. నా ఫోన్ మీద ముగ్గురు అడ్వాన్స్ కడితే డైరెక్టర్ సర్‌తో మాట్లాడి నా సర్టిఫికెట్లు ఇచ్చేస్తుందట. ఇద్దరు ఆల్‌రెడీ ఉన్నారు, అక్టోబర్‌లో చేసినవాళ్లు. ఇంకొకరు కావాలి.’

‘స్తుతీ, అది...’

‘తెలుసు ఏంటో. చెప్పకు.’

నేను చేయగలిగింది ఇంకేమీ కనిపించలేదు. ఆమె కాగితంలో సగం నేను తీసుకున్నాను. పక్కన కూర్చుని ఆమె తరఫున ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. ఆమె పడుతున్న పనిలో పాలు పంచుకుంటే నా తప్పు కొంచెమైనా అరుగుతుందనుకున్నాను కాబోలు. మొదటి రోజు ఒక్కరూ పూర్తిగా వినలేదు. రెండో రోజు పదకొండింటికి ఘజియాబాద్ నంబరు ఒకటి తగిలింది. ఉమ గారని ఒకావిడ. భర్త సదాశివరావు గారు ఏదో కంపెనీలో అకౌంట్స్ చూస్తారట. కూతురు భవ్యశ్రీ డిగ్రీ ఆఖరి సంవత్సరం.

‘తెలుగువాడివా నాయనా? హమ్మయ్య. రోజూ పదిమంది ఫోన్ చేస్తారు, ఒక్కడి హిందీ కూడా నాకు అర్థం కాదు. మావారేమో నువ్వే మాట్లాడు అని నా చేతికిచ్చేస్తారు, నేనేదో కలెక్టర్ని అయినట్టు.’

నేను కాగితంలో ఉన్నదంతా చెప్పాను. ప్లేస్‌మెంట్లు, లాప్‌టాప్, హాస్టల్. ఆవిడ అన్నిటికీ ఊఁ కొట్టింది. స్తుతి తన ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి వింటోంది. ఈవిడ కడుతుందని ఆమెకి అర్థమైపోయింది. నాకూ అర్థమైంది.

‘సరే నాయనా, ఇదంతా మీ కాగితంలో ఉన్నది. మా ఇంట్లో మా అమ్మాయికి ముందు ఎవరూ ఇంత చదువు చదవలేదు. మాకు తెలీదు. ఒక్క మాట అడుగుతాను, తెలుగువాడివి కాబట్టి. నీ సొంత చెల్లెలైతే అక్కడ చేర్పిస్తావా?’

ఇవతల నేను ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. వరసలో అటు చివర ఎవరో గట్టిగా నవ్వుతున్నారు.

‘ఉన్నావా బాబూ?’

‘చేర్పించనండీ’ అన్నాను.

‘మంచిది నాయనా. నీకు పుణ్యముంటుంది’ అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

ఒక్క నిమిషం నాకు ఒంట్లోంచి ఏదో దిగిపోయినట్టయింది. ఎన్నో నెలల తర్వాత తేలిగ్గా ఊపిరి అందింది. అప్పుడు స్తుతి వైపు చూశాను.

ఆమె అరవలేదు. చాలా మెల్లగా అడిగింది.

‘నిజం చెప్పడానికి నీకు ఇవాళే దొరికిందా?’

‘నా వల్ల కాలేదు స్తుతీ.’

‘నాకు చెప్పాల్సినప్పుడు కూడా కాలేదు. నీకు ఎప్పుడు వీలైతే అప్పుడు చెప్తావు. మిగతాది నేను పడాలి. ఠీక్ హై.’

నా చేతిలోంచి కాగితం లాక్కుంది. ఉమ గారి పేరు మీద నేను పెట్టిన అడ్డగీత పక్కన నంబరు ఇంకా కనిపిస్తోంది. దాని మీద వేలు పెట్టి, ఒక్కో అంకే నొక్కింది. అవతల రింగవుతుంటే కళ్లు మూసుకుని గొంతు సవరించుకుంది. ఎత్తారు.

‘నమస్తే ఆంటీ’ అంది నవ్వుతూ. ఆ నవ్వు ఫోన్లో వినిపించేలా నవ్వడం మాకు మొదటి వారంలోనే నేర్పారు. ‘సారీ ఆంటీ, ఇందాక మీతో మాట్లాడిన అబ్బాయి కొత్తవాడు, వాడికి ఇక్కడ చదువు సాగడం లేదు, అందుకని అలా అన్నాడు. నా పేరు స్తుతి. నాకు గవర్నమెంట్ సీటు ఉండింది. మీకు టైముంటే, నేను దాన్ని ఎందుకు వదులుకున్నానో చెప్తాను.’

ఆవిడకి టైముంది. స్తుతి చెప్పడం మొదలుపెట్టింది. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. లేవలేదు.